ఇనప్పెట్టె మింగిన పళ్లు

అమ్మాయికి పెళ్లికాకముందే అల్లుడి అలకలు భరించిన ఇల్లు మాది.

ఆ అల్లుడు నిలువెల్లా ఇనుము. ఎత్తు నా మోకాలిదాకా, బరువు నలుగురు పట్టినా కదలనంత. పొట్ట మీద అంకెల మీటలు, వాటి పైన చిన్న గాజు కిటికీ. మీట నొక్కితే కీ అంటాడు. తప్పు మీట నొక్కితే కీకీ అంటాడు. మూడుసార్లు తప్పితే ఇక ఎవరెంత బతిమాలినా బిగుసుకుని కూచుంటాడు. అందుకే ఆ బ్యాటరీ ఇనప్పెట్టెకి మా ఆయన అల్లుడుగారు అని పేరు పెట్టారు.

మా ఆయన గడియారాలు బాగుచేసేవారు. ఇంటి ముందుగదే కొట్టు. జనం ఖరీదైన వాచీలు వదిలి వెళతారు, వాటికో భద్రత ఉండాలని ఎదురుగా ఉన్న నగల కొట్టాయన తన పాత పెట్టెని మాకు ఇచ్చేశాడు. తను ఇంకా పెద్దది కొనుక్కున్నాడు. ఇచ్చినవాడు ఊరికే పోకుండా, దాని తలుపు గుట్టు కూడా చెప్పి పోదామని నుంచున్నాడు.

"తలుపు సంగతులు నాలుగే," అన్నాడు వేళ్లు ముడుస్తూ. "ఒకటి రహస్యం అంకెలు. రెండు, తప్పు నొక్కితే ఎంతసేపు మొరాయించాలి. మూడు, తలుపు తీసి వదిలేస్తే ఎంతసేపటికి అరవాలి. నాలుగు, ఫలానా వేళ దాకా ఎవరొచ్చినా తెరుచుకోకూడదనుకుంటే ఆ వేళ. ఈ నాలుగోదాంట్లో మాత్రం టైము ఎలా పెట్టాలంటే..."

"టైము సంగతి నాకు చెబుతున్నావా," అన్నారు మా ఆయన.

చేపపిల్లకి ఈత నేర్పబోయినట్టయింది పాపం. నగల కొట్టాయన ముడిచిన నాలుగో వేలు తిరిగి చాపుకుని వెళ్లిపోయాడు.

ఇక తలుపుని మా పద్ధతిలో పెట్టుకోవడం మా పని. అసలు తిప్పలు అక్కడ. మా ఆయన కళ్లలో పొరలు. కుడికంట్లోది బాగా ముదిరింది. నేనేమో అప్పటికి బడి మొహం చూడలేదు. ముల్లు ఎక్కడుందో చూసి టైము చెప్పగలను గానీ, అంకె చూపించి ఇదేమిటంటే తెలియదు. ఆయనకి అంకెలొచ్చు, కనపడవు. నాకు కనపడతాయి, రావు. ఇద్దరం కలిస్తే ఒక చదువుకున్న మనిషి.

ఆ చదువుకున్న మనిషి పెట్టె ముందు నేల మీద చతికిలబడింది. ఆయన తడిమి నొక్కిన అంకెలు గాజు కిటికీలో వెలిగాయి.

"ఏం కనబడుతోందే?"

"కుర్చీ తలకిందులుగా ఉంది."

"నాలుగు. తర్వాత?"

"బాతు."

"రెండు. ఆ తర్వాత?"

"గుడ్డు మీద గుడ్డు."

"ఎనిమిది. చివర?"

"కర్రో కొడవలో తెలియడం లేదు."

"సరిగ్గా చూడవే. కర్రయితే ఒకటి, కొడవలయితే ఏడు. దానికీ దీనికీ చాలా తేడా."

"మీ కళ్లకీ నా కళ్లకీ ఎంత తేడా ఉందో ముందు డాక్టరుగారిని అడగండి."

ఆయన ఆ మాట వినపడనట్టు ఊరుకున్నారు. చెవులు మాత్రం ఆయనవి బ్రహ్మాండంగా పనిచేసేవి, కావలసినప్పుడు.

చివరిది కొడవలే. కుర్చీ మీద బాతు ఎక్కి గుడ్డు మీద గుడ్డు పెడితే, ఎవరో కొడవలి పట్టుకుని వచ్చారని కథ అల్లుకుని గుర్తుపెట్టుకున్నాను. మా ఆయన ఆ కథ విని, ఇంత రహస్యమైన రహస్యం అంకె ఏ బ్యాంకులోనూ ఉండదన్నారు.

"తప్పు నొక్కితే ఎంతసేపు అలగమందాం?" అని అడిగారు. "నువ్వెంతసేపు అలుగుతావో అంత పెట్టనా?"

"అంత పెడితే దాని బ్యాటరీ చాలదు."

"తలుపు తీసి మరిచిపోతే?"

"వెంటనే అరవాలి. మరుపు మనిషి ఉన్న ఇల్లు."

అలా నేను చెప్పడం, ఆయన నొక్కడం. మొదటి మూడు సంగతులూ ఒక్క తప్పు లేకుండా కుదిరాయి. నాలుగోది మనకెందుకులే అని వదిలేశాం.

ఇక కళ్ల సంగతి. ఆయన అప్పటికే వాచీని చూడటం మానేసి వినడం మొదలుపెట్టారు. చెవి దగ్గర పెట్టుకుని దానికేం జబ్బో చెప్పేవారు. కీ ఇచ్చే బుడిపె ముట్టుకుని ఏ కంపెనీదో చెప్పేవారు. కింద పడిన మరలు నేను ఏరి ఇచ్చేదాన్ని. ఎలాగో లాక్కొస్తుండగా ఒకరోజు ఒకాయన వాచీ తిరిగి పట్టుకొచ్చాడు.

"ఏమనుకోకండి, ఇందులో చిన్నముల్లు పరిగెడుతోంది, పెద్దముల్లు కూచుంది," అన్నాడు.

ముళ్లు అటుదిటు ఇటుదటు పెట్టారు. వచ్చినాయన నవ్వుతూనే చెప్పాడు. మా ఆయన నవ్వలేదు. ఆపూట అన్నం కూడా తినలేదు.

మా అమ్మాయి టాక్సీ నడుపుతుంది. మర్నాడే నాన్నని కూచోబెట్టుకుని కంటాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. ఇప్పుడు ఆపరేషను చేయిస్తే పని చేసుకోవచ్చు, ఇంకా నానిస్తే పని మాట దేవుడెరుగు, ఎదుట ఎవరున్నారో కూడా తెలియదు.

అప్పటినుంచి మొదలైంది మా ఆయన వాయిదాల వ్యవహారం. మొదట ఇచ్చిన తారీఖుకి దగ్గొచ్చింది. డాక్టరుగారు చూస్తే దగ్గు లేదు. రెండో తారీఖుకి వానొచ్చింది. మా అమ్మాయి, కారుకి పైకప్పు ఉంది నాన్నా అంది. అయినా వెళ్లలేదు. మూడో తారీఖు దగ్గర పడేసరికి ఆయన ఎంతో హుషారుగా కనిపించారు. నాకు అనుమానం రావలసింది అప్పుడే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా ఆయనవి కట్టుడు పళ్లు. అవి లేకుండా ఆయన గుమ్మం దాటరు. పాలవాడు బెల్లు కొట్టినా ముందు పళ్లు, తర్వాతే తలుపు. ఒకసారి పక్కింట్లో పొయ్యి అంటుకుని వీధంతా బయటికి పరిగెత్తితే, ఈయన మాత్రం గ్లాసులోంచి పళ్లు తీసి, కడిగి, పెట్టుకుని, అద్దంలో చూసుకుని వచ్చారు. అప్పటికి మంట ఆరిపోయింది.

ఆపరేషను నాటి పొద్దున్నే నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ముందుగదిలోంచి కీ, కీ, కీ అని వినిపించింది.

"ఏం చేస్తున్నారండీ?"

"అల్లుడుగారి క్షేమం కనుక్కుంటున్నా."

మాట కాస్త గాలిగాలిగా వచ్చింది. పట్టించుకోలేదు.

కాసేపటికి మా అమ్మాయి కారు తెచ్చి గుమ్మం ముందు ఆపింది. లోపలికొచ్చి చూస్తే, మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, స్టూలు మీద కూచుని ఉన్నారు. పెదవులు లోపలికి పోయి ఉన్నాయి. మొహం మాత్రం పరీక్ష రద్దయిన పిల్లాడిలా వెలిగిపోతోంది.

"నేను సిద్ధమేనమ్మా," అన్నారు. "పళ్లే లేవు."

"ఎక్కడ పెట్టారు నాన్నా?"

"అల్లుడుగారి దగ్గర. భద్రంగా."

"అయితే తియ్యండి."

"తియ్యడానికి లేదు. ఒంటిగంట దాకా తెరుచుకోకుండా తలుపుకి వేళ పెట్టాను. మధ్యలో మనం ఏం చేసినా వినదు. దాని పద్ధతి అది."

ఆ మాటలు ఇంత శుభ్రంగా ఏమీ రాలేదు. సగం గాలి, సగం ఉమ్మి. నేను తుడిచి మీకు అందిస్తున్నాను.

"పళ్లకి వేళ ఎందుకు పెట్టారు?"

"దొంగల భయం."

"ఎవరు ఎత్తుకుపోతారు నాన్నా? ఇంకో నోటికి పట్టవు కదా."

"ఆ సంగతి దొంగకి తెలియాలి కదమ్మా."

మా అమ్మాయి నావైపు చూసింది. ఊళ్లో ఎవరినైనా వేళకి చేర్చే పిల్ల, కన్నతండ్రి దగ్గర మాత్రం బండి ముందుకు కదలదు. తాళంచెవి చేతిలో గింగిరాలు తిప్పుతోంది. ఇంకాస్త ఉంటే అరిచేదే.

"పోనీలేవే," అన్నాను నేను. "నాన్న పాపం రానంటున్నారా? పళ్లు రావడం లేదంటున్నారు. ఆసుపత్రికి ఫోను చేసి, మధ్యాహ్నానికి మార్చగలరేమో అడుగు."

మా ఆయన మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. "డాక్టరుగారికి మధ్యాహ్నం కుదరదు," అన్నారు.

"మీకెలా తెలుసు?"

"పెద్ద డాక్టరు కదా."

మా అమ్మాయి ఫోను చేసింది. పెద్ద డాక్టరుగారికి మూడింటికి చక్కగా కుదిరింది. ఇంకాస్త వెలుగు తగ్గింది.

నేను వంటింట్లోకి వెళ్లి పని చేసుకుంటున్నాను. ఆయన స్టూలు మీంచి లేవరు, వాచీ ముట్టరు. మా అమ్మాయి అక్కడే గుమ్మంలో కూచుని కాపలా కాసింది. ఒకసారి, పెరట్లో ఏదో పడ్డట్టుంది చూసిరా అన్నారట. అది కదల్లేదు.

ఒంటిగంటయింది. ముందుగదిలో ఉన్న గోడగడియారాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కొట్టాయి. ఆయనకి ఆపరేషను అక్కర్లేకపోయినా భోజనం కావాలి, భోజనానికి పళ్లు కావాలి. లేచి, అల్లుడుగారి ముందు కూచుని, తడుముకుంటూ నాలుగు మీటలూ నొక్కారు. ఎర్ర దీపం వెలిగింది. తలుపు రాలేదు.

"దీని గడియారం కాస్త వెనక నడుస్తున్నట్టుంది," అన్నారు.

ఆగి మళ్లీ నొక్కారు. ఎర్ర దీపమే.

"బాగా వెనక నడుస్తోంది."

అరగంట దాటింది. నేను మెత్తగా కలిపిన అన్నం తెచ్చి చేతికిచ్చాను. ఆయన ఇంత తిని, గిన్నె పక్కన పెట్టి, ముక్కు గాజుకి ఆనేదాకా వంగారు. ఎడమకన్ను పెట్టి చూశారు, కుడికన్ను పెట్టి చూశారు. ఊదారు, తుడిచారు. ఇక తప్పక నన్ను పిలిచారు.

"ఏం కనబడుతోందే?"

"గుడ్డు, కర్ర. మధ్యలో రెండు చుక్కలు. ఆ తర్వాత గుడ్డు, గుడ్డు."

"ముందు గుడ్డా?"

"ముందు గుడ్డే."

"సరిగ్గా చూడు. ఒంటిగంట అంటే కర్ర ఒక్కటే ఉండాలి కదూ?"

"కర్ర రెండోది. ముందున్నది గుడ్డు. ఎన్నిసార్లు చూసినా అది కోడి కాదు."

మా అమ్మాయి వచ్చి తొంగిచూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాన్నా, మీరు పెట్టింది రాత్రి ఒంటిగంట. అర్ధరాత్రి దాటాక వచ్చేది. ఈ పెట్టెకి మధ్యాహ్నం ఒంటిగంట అంటే పదమూడు."

"పదమూడు గంటలేమిటే. నా జన్మలో పదమూడు కొట్టిన గడియారం చూడలేదు."

"ఇది కొట్టదు. లెక్కపెడుతుంది."

నగల కొట్టాయన నాలుగో వేలు అప్పుడు గుర్తొచ్చింది మాకు. ఆయన చెప్పబోయింది ఇదే. లోకానికంతా టైము దిద్దే మనిషికి టైము దగ్గరే దెబ్బ తగిలింది. పళ్లు ఇక అర్ధరాత్రి దాటేదాకా రావు.

ఆయన అలాగే నేల మీద కూచుండిపోయారు. మా అమ్మాయి నావైపు చూసి, కారు నీడలో పెట్టొస్తానని బయటికి వెళ్లింది. కారు నీడలోనే ఉంది.

నేను ఆయన పక్కన కూచున్నాను.

"ఇది పెట్టేటప్పుడు నన్ను పిలిస్తే సరిపోయేది కదా. ముందు గుడ్డొచ్చిందని చెప్పేదాన్ని."

"పిలిస్తే ఎందుకని అడుగుతావు."

"అడుగుతాను."

"నువ్వడిగితే నేను చెప్పేస్తాను. అందుకే పిలవలేదు."

"ఇప్పుడడుగుతున్నాను."

ఆయన పెట్టె తలుపు మీద వేలితో గీతలు గీస్తూ కూచున్నారు.

"ఇప్పుడు నువ్వు గుమ్మంలో నుంచుంటే పొగలో ఉన్నట్టుంటావు," అన్నారు చివరికి. "అయినా నువ్వేనని తెలుస్తుంది. వాళ్లు అక్కడ కత్తి పెట్టాక, ఆ పొగ కూడా లేకపోతే?"

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"నేను జుట్టు మెడదాకా కత్తిరించుకుని చాలా రోజులయింది. తెలుసా?"

"ఎప్పుడు?"

"అదే చెబుతున్నాను."

ఆయన చెయ్యి చాపి నా మెడ వెనక తడిమి చూశారు. జడ ఉండాల్సిన చోట లేదు. ఇంకోసారి తడిమారు.

"అడగకుండా కత్తిరించావా?"

"చూస్తారేమో, అప్పుడు చెబుదామని ఊరుకున్నాను. ఎన్నాళ్లని చూడమంటారు?"

చెయ్యి తీసేశారు. గోడ పట్టుకుని లేచి నుంచున్నారు.

"నా జేబురుమాలు ఎక్కడుంది?"

ఆ జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని ఆయన గుమ్మం దాటారు. ఆ పళ్లు కట్టించుకున్నాక అవి లేని ఆయన్ని వీధి చూడటం అదే మొదలు. ఎదురుగా నగల కొట్టాయన, ఏమైందండీ అని పలకరించాడు. మా ఆయన రుమాలు వెనకనుంచి ఊ అన్నారు. పంటినొప్పి అనుకున్నాడు ఆయన. లేని పంటికి నొప్పేమిటి అని మా అమ్మాయి దారంతా నవ్వింది.

ఆసుపత్రిలో ఆకుపచ్చ గౌను తొడిగి, తలకి టోపీ పెట్టి బల్ల మీద కూచోబెట్టారు. నర్సమ్మ వచ్చి, "తాతగారూ, కట్టుడు పళ్లుంటే తీసి ఇచ్చెయ్యండి. వాటితో లోపలికి పంపం," అంది.

మా ఆయన రుమాలు తీశారు.

నర్సమ్మ మొహం విచ్చుకుంది. "తీసేసే వచ్చారా? ఎంత బుద్ధిమంతులు. ఒక్కొక్కరితో వీటికోసం నేను కుస్తీ పట్టాలి. ఇలా ఇంటిదగ్గరే తీసి, జాగ్రత్త చేసుకుని వచ్చినవాళ్లని మిమ్మల్నే చూశాను." అంతటితో ఆగకుండా, పక్క బల్ల మీద నోరు గట్టిగా మూసుకుని కూచున్న పెద్దాయనకి మా ఆయన్ని చూపించి, చూడండి ఎంత పద్ధతిగా వచ్చారో, అంది.

పద్ధతైన మనిషి తల దించుకుని నావైపు ఓరగా చూశారు.

"పళ్లు తీసే రావాలని నీకు ముందే తెలుసా?"

"తారీఖు ఇచ్చిన రోజే ఆసుపత్రివాళ్లు అమ్మాయికి చెప్పారు. అది నాకు చెప్పింది."

"మరి పొద్దున్న నోరెత్తలేదేం?"

"పళ్లు అక్కర్లేదంటే మీరు ఇంకోటి దాచేవారు. ఈపాటికి చొక్కా, లాగూ కూడా అల్లుడుగారు మింగి ఉండేవాడు."

ఆయన ఇంకేదో అనబోయారు. చక్రాల కుర్చీ వచ్చింది. కుర్చీలో కూచుని నా చెయ్యి పట్టుకున్నారు. తలుపు దగ్గర నర్సమ్మ మెల్లగా విడిపించాల్సి వచ్చింది.

ఆపరేషను సాఫీగానే అయిందన్నారు. కంటికి కట్టు కట్టి, పొద్దున్న విప్పుతామని చెప్పి ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు. మా అమ్మాయి తోడుంది. నేను ఇంటికొచ్చాను. చూపు వచ్చిందా లేదా అన్నది కట్టు విప్పితేగాని తెలియదు.

తెల్లారగానే ఫోను.

"పళ్లు తేవే," అన్నారు.

"కట్టు కంటికి కదా, పళ్లెందుకు?"

"విప్పగానే నేను నిన్ను చూస్తాను. నేను చూసేటప్పుడు నువ్వూ నన్ను చూస్తావు కదా."

ఫోను పెట్టేసి అల్లుడుగారి ముందు కూచున్నాను. పక్కన ఆయన లేకుండా నేను ఎప్పుడూ నొక్కలేదు. కుర్చీని వెతికాను, నొక్కాను. బాతు. గుడ్డు మీద గుడ్డు. కొడవలి దగ్గర వెయ్యిసార్లు చూసుకున్నాను, కర్ర నొక్కితే కొంప మునుగుతుందని. ఆకుపచ్చ దీపం వెలిగి తలుపు వదులైంది. గ్లాసులో పళ్లు హాయిగా నవ్వుతున్నాయి.

ఆ సంతోషంలో వాటిని కడగడానికి వంటింట్లోకి పరిగెత్తాను. తలుపు తెరిచే ఉంది. వెంటనే అరవాలని నేనే కదా పెట్టించింది, అల్లుడుగారు మాట తప్పలేదు. ఆ కేక వీధి చివరిదాకా వెళ్లింది. నగల కొట్టాయన చీపురు పట్టుకుని దూకినట్టే వచ్చాడు, వెనక ఇంకో ఇద్దరు.

"దొంగలా? ఏం పోయాయమ్మా?"

"ఏం పోలేదు," అన్నాను, తడి చేత్తో చూపిస్తూ. "పళ్లు దొరికాయి."

నేను ఆసుపత్రికి చేరేసరికి నర్సమ్మ సిద్ధంగా ఉంది. మా ఆయన ముందు పళ్లు పెట్టుకున్నారు, చేత్తో జుట్టు సర్దుకున్నారు, తర్వాత మొహం ఆమెకి అప్పగించారు.

"కన్ను రుద్దకూడదు," అంది నర్సమ్మ. "నీళ్లు తగలకూడదు. ఇవాళంతా ఏడవడం కూడా పనికిరాదు."

"ఏడవడానికి నేనేం చంటిపిల్లాడినా," అన్నారు, పళ్లున్న గొంతుతో.

కట్టు విప్పింది. నేను ఆయనకి ఎదురుగా, ఎంత దగ్గరగా నుంచోవచ్చో అంత దగ్గరగా నుంచున్నాను. ఆయన కన్ను మెల్లగా తెరిచారు. ఆర్పారు. మళ్లీ తెరిచారు. చూపు నా మీంచి జరిగి, నా తల మీదుగా వెనక గోడకి పోయింది. అక్కడే ఆగింది.

"ఆ గడియారం ఐదు నిమిషాలు వెనకుంది," అన్నారు.

నర్సమ్మ వెనక్కి తిరిగి గోడ చూసి, తన చేతి వాచీ చూసుకుని, "అవును, నిజమే," అంది. మా అమ్మాయి కుర్చీలో కూలబడింది. నా గుండెల మీంచి బండ దిగింది. దిగిన వెంటనే కోపం ఎక్కింది.

"బాగుందండీ. పళ్ల కోసం వీధినంతా లేపి పరిగెత్తుకొస్తే, మీరు చూసేది గోడనా?"

"నిన్ను ఇప్పుడు చూడను," అన్నారు, ఇంకా గోడవైపే చూస్తూ. "చూస్తే కన్ను తడుస్తుంది. తడపకూడదన్నారు కదా."

నర్సమ్మ ఆయన కోసం తీసిన దూదితో వంగబోయి, నావైపు చూసి, ఆ దూది తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏడవకూడదని నాకెవరూ చెప్పలేదు.